ఇంజనీరింగ్ దాకా వచ్చే కంప్యూటర్

మొన్న బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ మా ముందుగదిలో బల్ల మీదున్న కంప్యూటర్‌ని చూసి, "ఊరికేనే ఉంది గదండీ, ఇచ్చేస్తే మేం తీసుకుంటాం, మా వాడు ఇంటర్‌లో చేరాడు" అంది. వాడకుండా ఉంచితే పాడైపోతుందని కూడా చెప్పింది. అది నిజమే. నేను మెడలో టేపు తీసి, చుట్టి, డ్రాయర్లో పడేసి, ఇవాళ కొలతలు తీసుకోనని చెప్పి ఆవిణ్ణి పంపేశాను. నాకు మొదటినుంచీ కోపం ఎక్కువ. మా అబ్బాయి పోయాక అది ఇంకా పెరిగింది.

ఆ కంప్యూటర్ వాడిదే. పదో తరగతిలో ఉండగా కొన్నాం. ఇంటర్ రెండో ఏడు పూర్తి కాకుండానే వాడు వెళ్ళిపోయాడు. ఒంట్లో కండరాలన్నీ కొద్దికొద్దిగా సత్తువ కోల్పోయే జబ్బు. ముందు మెట్లెక్కడం పోయింది, తర్వాత నడక, ఆ తర్వాత చేతులు. గుండె కూడా కండరమేనట. ఇదంతా డాక్టరు గారు వాడు చిన్నగా ఉన్నప్పుడే మా ఇద్దర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టి చెప్పారు. మేం వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

కంప్యూటర్ కావాలని వాడే అడిగాడు. వాడు ఏదైనా నోరు తెరిచి అడగడం తక్కువ. పెన్ను పట్టుకుని పేజీ రాసేసరికి చెయ్యి వాలిపోయేది, నోట్సు వెనకబడిపోయేది. అది చదువు సంగతి. అసలు సంగతి ఆట. భవానీపురంలో మా వీధి పిల్లలు సాయంత్రం దాకా ఏటి ఒడ్డున క్రికెట్ ఆడి, ఇళ్ళకొచ్చాక ఎవరి ఫోన్లో వాళ్ళు కూర్చుని, జట్టుగా ఏదో తుపాకుల ఆట ఆడేవాళ్ళు. మా వాడు ఏటి ఒడ్డుకి ఎటూ వెళ్ళలేడు, ఆ రెండో ఆటకైనా అందేవాడు. కొన్నాళ్ళకి ఫోన్ ఎత్తి పట్టుకోవడం కూడా కష్టమైంది. మౌస్ అయితే బల్ల మీదే ఉంటుంది, రెండు వేళ్ళతో జరిపితే చాలన్నాడు. వాడికి మిగిలిన స్నేహితులంతా ఆ ఆటలోనే ఉన్నారు. తుపాకులేంటని విసుక్కునేదాన్ని గానీ, వాళ్ళతో మాట్లాడుతూ వాడు నవ్వుతుంటే నాకు పనిలో సూది సాఫీగా దిగేది.

ఇక నా వెతుకులాట మొదలైంది. ఆదివారం ప్రార్థన మందిరంలో ఆరాధన అయ్యాక కనిపించిన చదువుకున్న పిల్లలందర్నీ ఆపి అడిగాను. ఒకడు లాప్‌టాప్ అన్నాడు. ఒళ్ళో పెట్టుకుంటే కాలుతుందని, వంగి టైపు కొట్టలేడని అది మానుకున్నాం. మా ఆయన వన్ టౌన్‌లో పప్పుల గోడౌన్లో గుమాస్తా. ఆయన లెక్కలో ఏ వస్తువైనా బరువుగా ఉంటే మంచిది. కంప్యూటర్ సంగతిలో కూడా అదే చెప్పాడు. వాడూ నేనూ ఆయన్ని ఆటపట్టించాం, ఆయన కూడా నవ్వాడు.

నేనేమో నా పని తీరులోనే ఆలోచించాను. పిల్లల బట్టలు కుట్టేవాళ్ళం లోపల గుడ్డ వదిలి కుడతాం. ఎదిగే ఒళ్ళు గదా, వచ్చే ఏడాది ఆ కుట్టు విప్పితే మళ్ళీ సరిపోతుంది. సరిగ్గా ఒంటికి అతికినట్టు కుట్టమని ఏ తల్లీ అడగదు. మా వాడి స్కూలు చొక్కాలు కూడా నేను అట్లాగే కుట్టేదాన్ని. ఒళ్ళు ఏడాదికేడాది తగ్గుతున్నా అలాగే కుట్టాను. కంప్యూటర్ కూడా అట్లాంటిదే కొనాలని, ఇంటర్ దాటి ఇంజనీరింగ్ అయ్యేదాకా రావాలని పట్టుబట్టాను. సంఘంలో పెద్దమ్మలు వారం వారం వాడి తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, నమ్మితే నడుస్తాడమ్మా అనేవాళ్ళు. నేను నమ్మాను. అందుకే ఇప్పటికి సరిపోయేది చాలనుకోవడం నాకు పాపంలాగా తోచింది.

షాపు గవర్నర్‌పేటలో, మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. చూడకుండా కొనొద్దని వాడు ముందే చెప్పడంతో, మా ఆయన వాణ్ణి వీపున ఎక్కించుకుని మెట్లెక్కాడు. షాపతను గబగబా ఒక కుర్చీ తెచ్చి, వాడు పక్కకి ఒరగకుండా అటూ ఇటూ అట్టపెట్టెలు పెట్టాడు. వాడు థాంక్స్ చెప్పి, రేటు బోర్డు కేసి చూడటం మొదలుపెట్టాడు.

మేం అనుకున్న డబ్బులో రెండు రకాలుగా చేయొచ్చని షాపతను చెప్పాడు. ఒకటి కొత్త తరం ప్రాసెసర్, ఎన్నేళ్ళయినా చదువుకి ఢోకా ఉండదు. దాంట్లో ఆటలకి కావలసిన గ్రాఫిక్స్ కార్డు రాదు, తర్వాత ఎప్పుడైనా వేయించుకోవచ్చు. రెండోది పాత తరం ప్రాసెసరే గానీ కార్డుతో వస్తుంది. ఇవాళ ఆడే ఆటలన్నీ చక్కగా ఆడతాయి, చదువుకీ సరిపోతుంది. రెండు మూడేళ్ళయ్యాక మాత్రం వెనకబడుతుంది, అప్పుడు పెంచుకోవడానికి కూడా వీలుండదు.

"ఎన్నాళ్ళు వాడదామనండీ? దాన్నిబట్టి చెప్తాను" అన్నాడు.

"ఇంజనీరింగ్ అయ్యేదాకా" అన్నాను. "మొదటిదే ఇవ్వండి."

"అమ్మా, కార్డు ఉన్నదే తీసుకుందాం" అన్నాడు మా వాడు.

"అది తొందరగా పాతబడిపోద్దంట. ఇదైతే కార్డు తర్వాత వేయించుకోవచ్చు గదా."

"తర్వాతంటే ఎప్పుడు?"

"ఇంజనీరింగ్‌లో చేరాక వేయిస్తాలే."

షాపతను ఇంకో బేరం చూసుకోవడానికి అవతలికి వెళ్ళాడు. వాడు గొంతు తగ్గించాడు.

"నేను ఫోన్లో చదివానమ్మా, నా జబ్బు గురించి. ఎప్పుడో చదివాను. మీరు బాధపడతారని అడగలేదు. నాకు ఇప్పుడు ఆడుకోడానికి పనికొచ్చేది కొను."

మా ఆయన కీబోర్డులున్న వైపుకి తిరిగి నిలబడ్డాడు. నాకు ముందు కోపమొచ్చింది. వాడి మీదా, ఆ ఫోన్ మీదా, ప్రార్థన చేసిన పెద్దమ్మల మీదా, దేవుడి మీదా. ఇన్నాళ్ళూ వాడికి తెలియదన్న ఒక్క ధైర్యంతో నేను వాడి ముందు నవ్వుతూ తిరిగాను. వాడు నా కోసం తెలియనట్టు ఉన్నాడన్నమాట. ఆ పాతబడిపోయే దాన్ని ఇమ్మని నా నోటితో చెబితే, డాక్టరు గారి మాటకి నేను ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే వాడికి ఆటా లేదు, స్నేహితులూ లేరు. వాడు తొందరపెట్టలేదు.

షాపతను తిరిగొచ్చాక, "కార్డుతో ఉన్నదే ఇవ్వండి" అన్నాను.

అతను సంతోషంగా పెట్టెలు దించి, అన్నీ బిగించి, ఆన్ చేసి చూపించాడు. ఒక ఆట పెట్టి మౌస్ మా వాడి చేతికిచ్చాడు. వాడు రెండు వేళ్ళతో జరిపి చూసి, చాలా తేలిగ్గా ఉందని వాళ్ళ నాన్నతో చెప్పాడు. తర్వాత దాన్ని చూసిన ప్రతిసారీ, కొన్నది ఇదే కదా అని చూపు తిప్పుకునేదాన్ని. ఆ పూట మాత్రం వాడి మొహం చూసి నిలబడగలిగాను.

బిల్లు రాస్తూ షాపతను అడిగాడు. "కంపెనీ వారంటీ మామూలుగా వస్తుందండీ. కావాలంటే ఇంకొంచెం కట్టి పెంచుకోవచ్చు. పెంచమంటారా?"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేదులెండి."

"పెంచు నాన్నా" అన్నాడు మా వాడు.

"ఎందుకురా? నువ్వే గదా ఇప్పటికి చాలన్నది..." అని ఆయన ఆగిపోయాడు.

"అమ్మకి కావాలి."

ఎన్నేళ్ళకి పెంచమంటారని షాపతను పెన్ను పట్టుకుని మమ్మల్ని చూశాడు. నేను ఏడుస్తున్నాను. మా అబ్బాయే చెప్పాడు.

"ఎక్కువలో ఎక్కువ ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకి రాయండి అంకుల్."