బ్యాటరీ అయిపోయిందని చెప్పాను

పదకొండేళ్ళుగా ఒక వీడియోను దాచిపెట్టాను. నిండా నిమిషం కూడా ఉండదు. దాని బరువు మోస్తూనే ఇల్లు ఊడ్చాను, స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పాను, ఆదివారాలు చర్చిలో మోకరించి చేసిన తప్పులన్నిటికీ క్షమాపణ అడిగాను. ఈ ఒక్కటీ ఎత్తకుండా. దేవుడికి కూడా చెప్పకుండా దాటేయవచ్చని ఎలా అనుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పబోయిన ప్రతిసారీ నా నోరు కథను నాకు అనుకూలంగా కొంచెం పక్కకు తిప్పేసేది. ఇక్కడ కూడా తిప్పుతానేమో. తిప్పినట్టు మీకు అనిపిస్తే, అనిపించిందే నమ్మండి.

మాది మచిలీపట్నం. మేమంతా బందరనే అంటాం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. గుడివాడలో ఒక రైసు మిల్లులో మెకానిక్కుగా చేరి, అమ్మనూ నన్నూ చూసుకున్నాడు. నా కాలేజీ ఫారాల మీద తండ్రి సంతకం పెట్టాల్సిన చోట అన్నయ్యే పెట్టాడు. పరీక్షలకు సైకిలు మీద దింపి, అయిపోయేదాకా గేటు బయట నిలబడి ఉండేవాడు. నాకు అన్నయ్య అంటే అంత.

తర్వాత సుజాత వదిన వచ్చింది. గుడివాడలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. పెళ్ళికి ఫోటోలు తీయించారు గానీ వీడియో పెట్టించలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, అవసరం పడుతుంది. వాళ్ళు గుడివాడలో అద్దెకు ఉండేవాళ్ళు. ప్రతి ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి బందరు వచ్చేవాళ్ళు. చర్చి, భోజనం, సాయంత్రం ఆటోలో మంగినపూడి బీచ్. ప్రిస్సీ పుట్టాక చంకలో దాన్ని కూడా వేసుకుని వచ్చేవాళ్ళు. పూర్తి పేరు ప్రిసిల్లా. ఆ పేరు పెట్టింది నేనే.

వదిన వాళ్ళ తమ్ముడు ఓడ మీద పనిచేసేవాడు. సెలవులకు వచ్చినప్పుడు ఆమెకు ఒక వీడియో కెమెరా తెచ్చి ఇచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయేది, నీలం రంగు. నీళ్ళలో ముంచినా ఏమీ కాదు. అప్పటికి మా ఇంట్లో ఉన్నవన్నీ బటన్ల ఫోన్లే. వదిన ఆ కెమెరాను తన దగ్గర ఒక్క వారం కూడా ఉంచుకోలేదు. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకివన్నీ రావు అమ్మాయ్. నీ చెయ్యి కదలదు, నువ్వే తియ్యి," అంది.

నిజంగానే నా చెయ్యి కదిలేది కాదు. మంగినపూడిలో అలల కిందనుంచి తీశాను. నాగాయలంకలో పడవ మీద వెళ్తూ కృష్ణలో చెయ్యి ముంచి, నీళ్ళ లోపల అన్నయ్య వేళ్ళను ప్రిస్సీ వేళ్ళు వెతుక్కోవడం తీశాను. అమ్మ ముంజలు తింటూ చీర మీద కార్చుకోవడం తీశాను. ఇంటికొచ్చాక టీవీకి తగిలించి అందరం చూసేవాళ్ళం. అందరికంటే ఎక్కువగా నవ్వేది వదినే.

ఆ వీడియోల్లో వదిన లేదు.

ఒక్కదానిలోనూ లేదు. అదేమంత కష్టమైన పని కాదండీ. ఆమె పక్కనుంచి వస్తోందని తెలియగానే కెమెరాను సముద్రం వైపు తిప్పితే చాలు. సముద్రాన్ని తీశావేంటని ఎవరూ అడగరు. ఆమె కూర్చుని ఉంటే నేను రెండడుగులు ముందుకు వేసేదాన్ని. మొదట్లో నాకు తెలియకుండానే అలా జరిగిందని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ తెలియకుండా చేసేవాళ్ళకు ఒక్కసారైనా పొరపాటు జరగాలి కదా, ఒక్కసారైనా ఆమె పడాలి కదా? అమ్మ ఒకసారి అడిగింది, సుజాత ఎక్కడా కనబడదేంటే అని. వదిన అన్నాలు సర్దుతోందమ్మా అని నేను చెప్పేశాను. వదిన పక్కనే ఉంది. అవునత్తయ్యా, అంది.

చివరిసారి మేమంతా కలిసి దూరం వెళ్ళింది హంసలదీవికి. డిసెంబరు నెల. అవనిగడ్డ దాకా బస్సులో వెళ్ళి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. నది సముద్రంలో కలిసే చోట అన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ప్రిస్సీని ఎత్తుకుని నిలబడ్డాడు. దానికప్పుడు నాలుగేళ్ళు. అల వచ్చినప్పుడల్లా కాళ్ళు పైకి ముడుచుకుని కిలకిలలాడుతోంది. నేను తీస్తున్నాను. వదిన గిన్నెల మీద మూతలు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చింది.

"అమ్మాయ్, నన్ను కూడా ఒకసారి తియ్యవూ? పెద్దయ్యాక ప్రిస్సీ చూసుకుంటుంది."

మూడేళ్ళలో ఆమె నన్ను అలా అడగడం అదొక్కసారే. నేను చెయ్యి కిందికి దించాను.

"అయ్యో, బ్యాటరీ అయిపోయింది వదినా."

"పోన్లే. ఈసారి వచ్చినప్పుడు తీద్దువులే," అని చిన్నగా నవ్వి, నీళ్ళలో ఉన్న వాళ్ళిద్దరి వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ 'ఈసారి' రానేలేదు. జూలైలో వదినకు జ్వరం వచ్చింది. నర్సు కాబట్టి తనే మాత్రలు వేసుకుని రెండు రోజులు డ్యూటీకి కూడా వెళ్ళింది. రక్తకణాలు పడిపోయాయని తెలిసేసరికి ఆలస్యమైంది. విజయవాడ తీసుకెళ్ళారు. ఐదో రోజున ప్రాణం లేని మనిషిని తీసుకొచ్చేశారు. అన్నయ్య ఒక్కడే గుడివాడలో ఉండిపోయాడు. ప్రిస్సీ బందరు వచ్చి మా దగ్గర పెరిగింది. అన్నం పెట్టింది, జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది నేనే. ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందని భయపడ్డానో మీకు తెలియాలని రాస్తున్నాను.

వదిన పోయిన నెలకు అన్నయ్య అడిగాడు, వీడియోల్లో సుజాత ఎక్కడైనా ఉందేమో చూడమని. కెమెరా ముందేసుకుని అన్నీ చూశాను. లేదని నాకు తెలుసు, అయినా చూశాను. ఎక్కడో మూలనైనా ఉండాలని అప్పుడు నేనే దేవుణ్ణి అడుక్కున్నాను. హంసలదీవిలో తీసింది ఇంటికొచ్చాక నేను టీవీలో పెట్టనేలేదు. దాని చివరికి వచ్చేసరికి, అల దగ్గర ప్రిస్సీ నవ్వుతూ ఉండగా బొమ్మ ఒక్కసారిగా కిందికి వాలింది. కానీ ఆగలేదు. ఆ రోజు నేను బటన్ నొక్కి ఆపలేదు. నా చేతిలో కిందికి వేలాడుతూ అది తీస్తూనే ఉంది. ఇసుక, నా చెప్పులు, ఎదురుగా వదిన తడి పాదాలు. ఆమె గొంతు. నా గొంతు. మళ్ళీ ఆమె గొంతు. తర్వాత ఆ పాదాలు ఇసుకలో ఆరేడు అడుగులు నడిచి బొమ్మలోంచి బయటకు వెళ్ళిపోయాయి.

బ్యాటరీ అయిపోయిందని నేను చెప్పడం ఆ కెమెరాలోనే రికార్డయింది.

వదిన గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. అది అన్నయ్యకు ఇవ్వాలంటే నా అబద్ధాన్ని కూడా ఇవ్వాలి. నేనేం చేశాను? దాన్ని కంప్యూటర్లో లెక్కల మోడల్ పేపర్లు ఉన్న చోట దాచి, వాటి పేరే పెట్టాను. కెమెరాలోంచి తీసేశాను. చూశానన్నయ్యా, లేదు అని చెప్పాను. సరేలే అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

ప్రిస్సీ అడిగింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఫోటోల్లో అమ్మ ఎప్పుడూ ఒకేలా నిలబడి ఉంటుంది అత్తా, నడుస్తూ మాట్లాడుతూ ఉన్న వీడియో లేదా అని. నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తకుండానే, మీ అమ్మకు వీడియో అంటే సిగ్గే, కెమెరా చూస్తే పక్కకు వెళ్ళిపోయేది, అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మొదటి అబద్ధం ఆమెతో చెప్పాను. ఇది ఆమె గురించి చెప్పాను, ఆమె కాదనడానికి లేనప్పుడు. రెండిట్లో ఏది పెద్దదో తేల్చుకోవాలని చాలాసార్లు కూర్చున్నాను. తేల్చుకోవడం వల్ల ఎవరికేం ఉపయోగం?

ఈ ఏడాది ఈస్టరుకు ముందు మా చర్చి పిల్లల పాటను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాలనుకున్నారు. ప్రిస్సీకి పదిహేనేళ్ళు. పాడేవాళ్ళలో దాని గొంతే మంచిది. అది మాత్రం ముందుకు రాకుండా స్తంభం వెనక నిలబడి పాడిందని పాస్టరమ్మగారు చెప్పారు. ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకమ్మా అని.

"నాకు అమ్మ పోలిక అత్తా. అమ్మకీ పడేది కాదుగా," అంది.

సంతోషంగా చెప్పింది. అది మీరు గమనించాలి. తల్లి దగ్గరనుంచి తనకు వచ్చిన ఒకే ఒక్క గుణమని నమ్మి, ఆ పిల్ల దాన్ని ఆరేళ్ళుగా జాగ్రత్తగా కాపాడుకుంటోంది. స్కూలు ఫోటోల్లో చివర నిలబడటం, పుట్టినరోజున ఎవరైనా ఫోను ఎత్తితే మొహం తిప్పుకోవడం, అన్నీ నేను చూస్తూనే ఉన్నాను. అన్నిటికీ మూలం నేను బియ్యం ఏరుతూ అన్న ఒక్క ముక్క.

అయినా వెంటనే చెప్పలేదు. ముందు ఇంకొక ఉపాయం ఆలోచించాను. ఇప్పుడు ఫోన్లోనే వీడియోలు కత్తిరించవచ్చు. నా మాట వరకు తీసేసి, వదిన అడగడం, ఆమె పోన్లే అనడం మాత్రం ఉంచితే? పాత కంప్యూటర్లో వెతుకుతుంటే దొరికిందని చెప్తే? చేశాను. కూర్చుని ఓపిగ్గా కత్తిరించాను. తర్వాత పెట్టి విన్నాను. ఒక మనిషి నన్ను కూడా తియ్యవూ అని అడుగుతుంది. జవాబు రాదు. పోన్లే అనుకుని వెళ్ళిపోతుంది. అసలు దానికంటే ఘోరంగా ఉంది. అప్పుడు గట్టిగా ఏడ్చాను. పక్క గదిలోంచి అమ్మ, ఏమైందే అంటే, కంట్లో ఏదో పడిందన్నాను. చూశారా, అప్పుడు కూడా.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రిస్సీని వరండాలో కూర్చోబెట్టి, ఏదీ మార్చకుండా మొత్తం చెప్పాను. కత్తిరించింది కూడా చెప్పాను. తర్వాత అసలు వీడియో పెట్టి ఇచ్చాను. అది ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. రెండోసారి కళ్ళు తెరిచి చూసింది. మూడోసారి కూడా చూసి, తన ఫోనుకు పంపుకుంది. ఏడవలేదు.

"అయితే అమ్మకు ఇష్టమేనన్నమాట," అంది.

"ఇష్టమే."

"మరి ఎందుకు తియ్యలేదత్తా?"

నేను వంగి మెట్ల దగ్గరి చెప్పులు సర్దడం మొదలుపెట్టాను. అది కాసేపు చూసి లేచి లోపలికి వెళ్ళింది. సెలవులు కదా, నాన్న దగ్గరకెళ్తానని నానమ్మతో చెప్పి, సాయంత్రం బండికి గుడివాడ వెళ్ళింది. ఇప్పటికి మూడు వారాలు. రోజూ ఫోను చేస్తుంది, నానమ్మకు.

ఎందుకు తియ్యలేదో నాకు తెలుసు. దానితో చెప్పలేకపోయింది మీకు చెప్తాను. వదిన నాకు ఏ కీడూ చెయ్యలేదు. పల్లెత్తు మాట అనలేదు. ఆమె వచ్చాక అన్నయ్య ఎక్కువగా నవ్వడం మొదలుపెట్టాడు, అంతే. నాన్న పోయినప్పటినుంచీ ఆ మనిషిని నవ్వించాలని నేను ఎన్నో చేశాను. మార్కులు తెచ్చాను, వంట నేర్చుకున్నాను, ఏదీ అడగకుండా పెరిగాను. ఆమె ఏమీ చెయ్యకుండానే, పక్కన కూర్చుని పల్లీలు వలుస్తూ నవ్వించేది. మంగినపూడిలో మొదటిసారి కెమెరా ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ చిన్న తెరలో అన్నయ్య, అమ్మ, పాప కనబడ్డారు. వదిన లేకపోతే మా ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసం మూడేళ్ళు ఆమెను తప్పించాను. దాని పేరు అసూయ. ఇంత మామూలు మాట. ఆమె బతికుంటే ఎప్పుడో ఒకరోజు నాకే సిగ్గేసి మానేసి ఉండేదాన్నేమో. తెలియదు. బతికుంటే అనే మాట వెనక దాక్కునే హక్కు కూడా నాకు లేదు.

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. ప్రిస్సీ చెప్పింది, అన్నాడు. వెనక మిల్లు చప్పుడు వినబడుతోంది. తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండుననిపించింది.

"అది నాకూ పంపు," అని పెట్టేశాడు.

ప్రిస్సీ దగ్గర ఉంది, దాన్ని అడిగి తీసుకోవచ్చు. నన్నే అడిగాడు. అందులో నాకేమైనా క్షమ ఉందా అని వెతుక్కోవడం మొదలుపెట్టి, నన్ను నేనే ఆపుకున్నాను. కత్తిరించనిదే పంపాను. దానితో పాటు మీకు పైన చెప్పినదంతా, అసూయ అన్న మాటతో సహా, రాసి పంపాను. ఇద్దరికీ. జవాబు రాలేదు. రావాలని కూడా లేదు. ఈ పదకొండేళ్ళూ వాళ్ళు ప్రేమించింది నేను తయారుచేసి చూపించిన ఒక మనిషిని. ఇక మీదట నన్ను అసహ్యించుకున్నా, అసహ్యించుకునేది నన్నే. ఈ పొద్దున చాలా కాలం తర్వాత మా ఇంట్లో నిజంగా నేనే ఉన్నట్టు అనిపించింది.