ఒక చక్రం తగ్గించిన బేరం

ఆ రోజుల్లో నేను సాధించిన ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. డాక్టరు ఫీజులో బేరమాడినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. డాక్టరు చెప్పిన రోగంలోనే బేరమాడి, దాన్ని సగానికి దించి, నవ్వుకుంటూ ఇంటికొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. రోగి మా పికప్ బండి. ముందు చక్రాలు రెండింటి బేరింగులూ పోయాయని మెకానిక్ అంటే, గంటసేపు మాట్లాడి ఒక్క చక్రానికి ఒప్పించాను. (ఆ సాయంత్రం నాకు కలిగిన గర్వం కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి కూడా కలగదు.)

ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద తారు ఇంకా నల్లగా మెరుస్తున్న కాలం. మా నాన్నకు దాని పక్కనే కిరాణా కొట్టు. అటూ ఇటూ కూడా కొట్లే కనుక, ఎవరు ఏ ధర చెప్పినా అందులో సగం గాలేనన్న జ్ఞానం నాకు నడకతోపాటే వచ్చింది. ఆ జ్ఞానాన్ని నమ్మి బావ (అక్క మొగుడు, భీమవరం వైపు మనిషి) సగం పెట్టుబడి పెట్టాడు. పాత పికప్ ఒకటి కొని, ఐటీ ఆఫీసులకు కుండీ మొక్కలు కిరాయికిచ్చే వ్యాపారం మొదలుపెట్టాం. పదిహేను రోజులు ఏసీలో ఉండి వాడిపోయిన మొక్కను బాచుపల్లిలోని మా షెడ్డుకు తెచ్చి ఎండా గాలీ తగలనిచ్చి, తేరుకున్న ఇంకో మొక్కను దాని సీట్లో కూర్చోబెట్టడం మా పని. అదే ఏసీలో ఏళ్ల తరబడి వాడిపోతున్న ఉద్యోగులకు ఈ ఏర్పాటు లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా.

బండి నలభై దాటితే చాలు, ముందు నుంచి పిండిమర తిరుగుతున్నట్టు ఒక మోత మొదలయ్యేది. నేను చేసిన మొదటి వైద్యం పాటల సౌండు పెంచడం. అది కొన్ని వారాలు చక్కగా పనిచేసింది. తర్వాత పాటలకంటే మోతే పెద్దదైంది. అప్పుడే హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు మేడమ్ మాకు పరీక్ష పెట్టింది. సోమవారం పదింటికి విదేశీ అతిథులు వస్తున్నారట. ఆలోపు ముప్పై పెద్ద కుండీలు లాబీలో ఉంటే ఏడాది ఒప్పందం మాది, లేకపోతే ఇంకొకరిది. బ్యాంకు కిస్తీ కట్టలేక బండి అమ్మేద్దామా అనుకుంటున్న మాకు ఆ ఒప్పందమే ఊపిరి. అందుకని బావ పోరు పడలేక శనివారం బండిని కొండాపూర్‌లోని మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లాను.

ఉస్తాద్ బండిని రోడ్డు మీద ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఊపుతూ నడిపి, మోత ఎటు తిప్పినప్పుడు పెరుగుతుందో విన్నాడు. ఎటు తిప్పినా పెరిగింది. తిరిగొచ్చి జాకీ ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. రెండోదీ ఊపాడు. అది కొంచెం మర్యాదగా టక్కుమంది.

"రెండు దిక్కులా పోయినయ్ అన్నా. ఎడమది మొత్తం ఖతం. కుడిది ఇయ్యాలనో రేపో," అన్నాడు.

"ఎడమది చెయ్యి. కుడిది మళ్ల చూద్దాం."

"ఇదేం ఉల్లిగడ్డల బేరమా, అరకిలో జోకనీకి?"

"నువ్వే అంటివి గదా, రేపో అని. రేపు ఇంకా రాలే."

"చెప్పులు గూడ ఒక్కటే కొంటవా నువ్వు?"

ఆయన వెటకారంగా మాట్లాడేకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. అమ్మేవాడు విసుక్కుంటే ధర దిగుతుందన్నది మా వీధి అనుభవం. చివరికి ఆయన, "తీయ్, నీ బండి, నీ చక్రం," అని పానా అందుకున్నాడు. పాత బేరింగు బయటికి తీస్తే గ్రీజు బొగ్గుముద్దలా ఉంది, రోలర్లకు మశూచి పోసినట్టు గుంటలు. కొత్తది దిగ్గొట్టి, అరచేత్తో గ్రీజు కూరి, నట్టు బిగించి తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. కుడిచక్రం వైపు నేను చూడలేదు.

సోమవారం పొద్దున్నే కుండీలు ఎక్కించి బయల్దేరాం. "ఏవయ్యా బావమరిదీ, ఇంకా మోగుతోందేంటి?" అన్నాడు బావ.

"పాత అలవాటు బావా. మెల్లగ పోతది," అన్నాను.

మెల్లగా పోలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద స్టీరింగు వణికింది, బ్రేకు తొక్కితే కాలు మామూలు కంటే లోతుకు పోయింది, కుడిచక్రం లోంచి కాలిన గ్రీజు వాసనతో పొగ లేచింది. ఎలాగో ఓరకు ఆపాను. వెనక ఐటీ కారిడార్ మొత్తం హారన్ కొట్టింది.

"ఫ్లైఓవర్ మీద తోట పెట్టినవా?" అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబుల్.

బావ ఆటోలు ఆపడం మొదలుపెట్టాడు. ఆటోవాళ్లు నా మొహం చూశారు, పొగ చూశారు, ఆటోకు మూడు వందలన్నారు. నోరు తెరవబోయాను. "బేరమాడావో, నిన్నిక్కడే వదిలేసి మొక్కల్తో నేను పోతాను," అన్నాడు బావ. ఐదు ఆటోల్లోంచి ఆకులు బయటికి ఊగుతూ పోతుంటే, ఒడిలో అరెకా పామ్ పెట్టుకుని దాని ఆకుల మధ్య నుంచి దారి చూస్తూ నేనూ పోయాను.

పది కావడానికి కొద్దిగా ముందు చివరి కుండీ లాబీలో దిగింది. మేడమ్ మా చొక్కాల మీది మట్టినీ, గేటు బయట ఆటోల వరుసనూ చూసి చిన్నగా నవ్వింది. "ఒప్పందం మీకేనండి. అయితే ఒక మాట. ఆటోల్లో కూడా తేగలుగుతున్నారు కదండీ, రవాణా ఖర్చు మీకు పెద్దగా ఉండదన్నమాట. నెల కిరాయిలో పదో వంతు తగ్గించండి."

తగ్గించాను. అంత అందంగా అడిగితే నేనైనా ఏం చేస్తాను.

లెక్క నిజాయితీగా చెప్తాను. కుడి బేరింగు, కూలీ రెండు వేలు. ఆ వేడికి చెడిన చక్రం మధ్యలోని హబ్బూ, అది తిరిగే ఇరుసూ కలిపి ఆరు వేల నాలుగు వందలు. బండిని ఫ్లైఓవర్ దించి ఉస్తాద్ షెడ్డుకు లాక్కెళ్లినందుకు పదిహేను వందలు, ఆటోలకు మరో పదిహేను వందలు. ఉస్తాద్ బిల్లు నా చేతికిచ్చి, నేనేమంటానో అని ఎదురుచూశాడు. నేను బేరమాడకుండా జేబులో చెయ్యి పెట్టాను. "పానం మంచిగనే ఉందా?" అని కుర్చీ జరిపాడు. మొత్తం పదకొండు వేల నాలుగు వందలు. అందులో రెండు వేలు ఎలాగూ పెట్టాల్సినవే. అవి తీసేస్తే, ఇరవై నాలుగేళ్ల వయసులో నా తెలివికైన ఖర్చు తొమ్మిది వేల నాలుగు వందలు. ఇప్పటి ధరల్లో చూస్తే చవకే.