బుల్‌డాగ్ తిన్న మొదటి ముద్ద

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ని. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. బుల్‌డాగ్‌ను పెంచుకోవాలన్న కోరిక పుట్టినప్పుడు కూడా ముందు అక్కడికే వెళ్లాను. పొట్టి ముక్కు వల్ల వాటికి ఊపిరి కష్టమనీ, ఎండ అసలు పడదనీ చదివి తెలుసుకున్నాను.

మణికొండలో ఒక మేడమ్ తన ఐదేళ్ల బుల్‌డాగ్‌ను ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నారని తోటి క్యాబ్ డ్రైవర్ చెప్పాడు. కుక్క వెంట్రుకలు పడక వాళ్ల బాబుకు ఆయాసం వస్తోందట. వెళితే ఆమె నన్ను ఉద్యోగానికి వచ్చినవాణ్ని అడిగినట్టే అడిగారు. చదివిందంతా గడగడా అప్పజెప్పాను. తిండి గురించి ఆమె ఏదో చెప్పబోతే, "తెలుసు మేడమ్, పుస్తకంలో చదివిన" అన్నాను.

"సరేనండి. కానీ రెండు రోజులు ఏమీ తినకపోతే మాత్రం వాణ్ని నాకు వెనక్కి ఇచ్చేయాలి."

ఒప్పుకున్నాను. మర్నాడు ఎండెక్కకముందే కారులో ఏసీ వేసి, కొత్తగూడలోని మా ఇంటికి తెచ్చాను. కూలర్ ముందు బోర్లా పడి గురక పెట్టింది. అంతవరకు నా చదువు పనికొచ్చింది.

ఉడికించిన చికెన్ గిన్నెలో పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. గుడ్డు పెట్టినా అంతే. నీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మేడమ్ పెట్టిన గడువు దగ్గరపడింది. ఆ ముడతల మొహాన్ని ఇక ఇచ్చేయడం నావల్ల కాదనిపించింది.

"దాన్ని పెంచినామెకు జర ఫోన్ చెయ్యరాదు?" అంది మా ఆవిడ.

"అన్నీ తెలుసన్న కదనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని అడగాలె?"

"రేపు కుక్కను తీస్కపొమ్మని చెప్పేటందుకు ఏ మొహం పెట్టుకుంటవో, గదే పెట్టుకో!"

చేశాను.

"అయ్యో, గిన్నెలో పెట్టారా? మా ఇంట్లో మాంసం వండమండి. మేం కింద కూర్చుని తినేటప్పుడు పక్కనే కూర్చోబెట్టుకుని, పెరుగన్నం ముద్దలు చేసి పెట్టేవాళ్లం. ఆ రోజు అదే చెప్పబోయాను."

ఫోన్ పెట్టెయ్యకుండానే ఇద్దరం పెరుగన్నం కంచాలతో నేల మీద కూర్చున్నాం. కుక్క లేచి, మా మధ్య దూరి, మా ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించింది. ఆమె ముద్ద చేసి అందించింది. గుటుక్కున మింగింది. రెండోదానికి ఆమె వేళ్లు కూడా నాకేసింది.

"తింటున్నాడా అండి?"

"తింటున్నడు మేడమ్. మీసాలకంతా పెరుగే."

అవతల ఆమె నవ్వారో, ఏడ్చారో తెలియలేదు. నేను కాగితం, పెన్ను తీసుకున్నాను.

"ఇంకా ఏమేం ఇష్టం మేడమ్ వానికి? చెప్పండి, రాసుకుంటున్న."