చైనులో చిక్కిన చీర

మా ఆవిడకు సైకిలు నేర్పింది నేనే. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆవిణ్ణి సీటు మీద కూర్చోబెట్టి, వెనక క్యారియరు పట్టుకుని భీమిలి దాకా పరిగెత్తాను. సరే, భీమిలి కాదు, బీచి దాకానే. అసలు పరిగెత్తింది కూడా నేను కాదు, పక్కింటి బీబీ. నేను ఒడ్డున కూర్చుని వేరుశెనక్కాయలు వలిచాను. నాకు సైకిలు రాదు మరి!

రేవు పక్క బస్తీల్లో తిరిగి పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం మా ఆవిడకు వచ్చేలా ఉంది. సైకిలు తొక్కి చూపిస్తేనే ఇస్తామన్నారు. వారమే గడువు. బీబీ వాళ్ళది అద్దె సైకిళ్ళ షాపు. షాపు మూసాక పెరట్లో తొక్కి నేర్చుకున్న మనిషి ఆవిడ. పొద్దున్నే, తడి ఇసుక గట్టిగా ఉన్నప్పుడు, మా ఆవిణ్ణి తీసుకెళ్ళేది.

"కోడలు సైకిలెక్కితే నలుగురూ నవ్వరేటి?" అంటూనే మా అమ్మ కూడా వెంట వచ్చేది.

ప్రతిసారీ చీర చైనులో చిక్కేది, మా ఆవిడ పడేది. ఒకరోజు మోకాలు పట్టుకుని కూలబడిపోయింది.

"నా వల్ల కాదత్తా. ఉద్యోగం వద్దు, ఏటీ వద్దు."

అమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "లెగు! మోకాల్లోతు బురదలో నాట్లేసినప్పుడు నాను సీర ఇలాగే ఏలాడేసుకునేదాన్నా?" అంటూ కోడలి కుచ్చిళ్ళు విప్పి, కాళ్ళ మధ్య నుంచి తీసి, వెనక బిగించి గోచీ పెట్టింది.

"ముందే సెప్పలేదేటమ్మా?" అంది బీబీ.

"నన్ను అడిగినారేటి?"

మా ఆవిడ తొక్కింది. ఆగలేదు, పడలేదు. అలల వెంబడే పోయింది. ఇద్దరూ కేకలేస్తూ వెనక పరుగు.

పరీక్ష రోజు ఆఫీసు ఆవరణలో మా ఆవిడ సైకిలు మీద చుట్లు కొడుతోంది. "బాగుందమ్మా, ఉద్యోగం ఇచ్చేస్తాం, దిగండి" అన్నాడు ఆఫీసరు. ఆవిడ దిగలేదు. మరో చుట్టు. "దిగండమ్మా!"

"దిగడం రాదు సార్!"

ఇసుకలో దిగే పనేముంది, పడితే సరిపోయేది. దిగడం ఎవరూ నేర్పలేదు!

అప్పుడు నేను దూకి, సైకిలు పట్టుకుని, ఆవిణ్ణి పువ్వులా దించాను. కాదులెండి. దూకింది అమ్మ. క్యారియరు పట్టుకుని ఎద్దును ఆపినట్టు ఆపేసింది. నేను అమ్మ చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. ఆఫీసరు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, సంతకం పెట్టాడు.

ఇంటికి బయలుదేరుతుంటే మా ఆవిడ క్యారియరు చూపించింది. "ఎక్కండి, సిగ్గేటి?"

ఎక్కాను. పూర్ణా మార్కెట్ మొత్తం చూసింది. ఆ దర్జా ముందు ఏ కారూ పనికిరాదు. వీధి చివర మాత్రం ఇద్దరం గోంగూర బుట్టల మీద దిగాం.