పేడ గ్యాసుతో వచ్చిన ఇంటి నంబరు

"పునాది రాళ్లు ఎండనియ్యకు. పొద్దుమాపు నీళ్లు కొట్టు."

"కొడ్త తియ్యి. నువ్వైతే మందు మింగు."

మా ఆయనా నేనూ చివరిగా మాట్లాడుకున్నది ఇదే. జనగామ దవాఖానకు పోయే ఎడ్లబండిలో పడుకుని ఆయన అన్నాడు, బండి పక్కన నిలబడి నేను అన్నాను. మూడోనాడు అదే బండిలో ఆయన్ని తెచ్చారు. నేను మాత్రం కొత్తింటి పునాదికి నీళ్లు కొట్టడం ఆపలేదు. దినాలైనా కాకముందే ఇదేం పని అని వాడకట్టు ఆడవాళ్లు గొణిగారు. గొణగనీ. పునాది చెడితే వాళ్లు కట్టిస్తారా?

మా ఊరు దేవరుప్పుల దగ్గర. ఊళ్లో కట్టెలకు కరువొచ్చి, ఆ ఏడే పంచాయతీలో తీర్మానం చేశారు. పశువులున్నవాళ్లు కొత్త ఇల్లు కడితే పెరట్లో గోబర్ గ్యాసు గుంత కట్టాలి, పొయ్యి మీద మంట చూపించాలి. అప్పుడే ఇంటికి నంబరు. నంబరు లేని ఇల్లు కాగితాల్లో లేనట్టే.

గోడలు లేచి కప్పు పడ్డాక, ఆ నంబరు నా పేరున కావాలని అడగడానికి పంచాయతీకి పోయాను. నాకంటే ముందే మా మరిది అక్కడ కూర్చుని ఉన్నాడు.

"మొగదిక్కు లేని ఇల్లాయె. గ్యాసు గుంత ఎవలు చూస్తరు? నా పేర రాయిన్రి."

"ఎవలు చూస్తరా? ఇన్నేండ్లు కొట్టంల పేడ ఎవలెత్తిన్రు? నువ్వెత్తినవా?" అన్నాను.

సర్పంచ్ తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "మంట చూపెట్టక్కా, నీ పేరే రాపిస్త. చూపెట్టకుంటె మాత్రం నీ మరిది పేర రాస్త."

గుంత తవ్వించాను. మహబూబాబాద్ నుంచి ఇనుప డ్రమ్ము వచ్చింది, బోర్లించిన గంగాళంలాంటిది. కింద గ్యాసు చేరితే అది పైకి లేస్తుంది. ఇంతవరకు నాకు తెలుసు. తెలియనిదే నా తప్పయింది. కొత్తింట్లో పాలు పొంగించాలి కదా, అయ్యగారితో ముహూర్తం పెట్టించి, ముందురోజే గుంతలో పేడనీళ్లు పోశాను. బియ్యం పోస్తే అన్నమైనట్టు, పేడ పోస్తే గ్యాసొస్తుందనుకున్నాను.

ఊరంతా వచ్చింది. అగ్గిపుల్ల గీశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. డ్రమ్ము పడుకునే ఉంది.

"ఏందొదినె, పాలు సల్లటియే పంచుతవా?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు.

"మూర్తం దాటుతది బిడ్డా, మూడు రాళ్లు వెట్టి కట్టెలంటియ్యి," అంది మా అత్త.

పాలగిన్నె దించేశాను. "గీ పొయ్యి మీదనే పొంగాలె. పొంగినంకనే నేనీ ఇంట్ల పండుకుంట."

పాత గుడిసెకే తిరిగిపోయాను. వచ్చే మీటింగు దాకా ఆగుతానన్నాడు సర్పంచ్. బ్లాకు ఆఫీసు ఇంజనీరు వచ్చి, లోపల పులియాలమ్మా, తొందరపడితే రాదు అన్నాడు. నాకు సిగ్గేసింది. రోజూ కుండలో గంజి పోసి కలి పులియబెట్టేదాన్ని, ఇది తోచలేదు! అప్పటినుంచి రోజూ గడ్డిపరకలు ఏరి, పేడను చేతులతో నీళ్లలో పిసికి పోశాను. డ్రమ్ము బెత్తెడు లేచింది. తర్వాత జానెడు.

మీటింగు రోజు సర్పంచ్‌నూ మరిదినీ పొయ్యి ముందుకు తీసుకొచ్చాను. ముత్తైదువతో పాలు పోయించమంది అత్త. పేడ నేను పిసికితే పాలు ఇంకొకరు పోస్తారా? నేనే పోశాను. నీలం మంట లేచింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మరిది గ్లాసు చాపాడు. ముందు అతనికే పోశాను.

రిజిస్టరులో వేలిముద్ర పెట్టమన్నారు. ఒద్దని, వంకరటింకరగా సంతకమే గీశాను. ఊళ్లో ఆ తీర్మానం కింద మొదటి నంబరు నాది. తర్వాత ఇల్లు కట్టినవాళ్లంతా గుంత చూడటానికి మా పెరట్లోకి వచ్చినవాళ్లే.

ఇదంత నేను చెప్తుంటె రాసినవు. నా తమ్ముని బిడ్డవు, నీకేం మొగమాటం? నేను గట్టిగా అన్న మాటలు మెత్తగ జేసి రాసినవేమో. ఏదీ, మొదటికెల్లి సదువు, వింట.