బుడ్డక్కా అన్న పిలుపు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి నేను. ఇప్పుడు కూడా అవి ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడితే మనసు కుదుటపడుతుందేమోనని, అంతే.

కన్నడ సీమలో, కె.ఆర్.పురం దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను. నాటకాల క్లబ్బు కూడా నేనే చూస్తాను. పోయినేడాది, కాటన్‌పేటలో ఉండి చనిపోయిన ఒక కవయిత్రి మీద అరగంట నాటకం రాసి పిల్లలతో వేయించాను. ఆమె బయట ఎవరికీ పెద్దగా తెలియదు. వంటింట్లో కూర్చుని రాసినవి రెండు చిన్న పుస్తకాలు.

ఆమె కూతురు వనజాక్షమ్మగారికి డెబ్భై దాటాయి. పిలవడానికి వెళ్తే ముఖం చిట్లించారు. "ఆ రాతల ధ్యాసలో మాయమ్మ నన్ను ఏపొద్దూ పట్టించుకోలేదప్పా. నేను రాను" అన్నారు.

అయినా శనివారం పొద్దున పదకొండుకి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

కవయిత్రి వేషం ఎనిమిదో తరగతి లావణ్యది. వాళ్ళమ్మానాన్నలు అనంతపురం వైపు నుంచి వచ్చి బడికి దగ్గర్లోని హూడిలో బిల్డింగు పనులు చేస్తారు.

నాటకం సగంలో లావణ్య నేల మీద కూర్చుని కాసేపు రాయాలి, తర్వాత లేచి కవిత చదవాలి. లేవలేదు. మరిచిపోయిందేమోనని తెర పక్క నుంచి మాట అందించబోయాను. అప్పుడు వినిపించింది, విసుగూ ముద్దూ కలిసిన గొంతు.

"బుడ్డక్కా, పాలు పొంగుతాండాయి చూడు."

నేను రాసిన మాట కాదది.

వనజాక్షమ్మగారు గబుక్కున లేచారు. "వస్తాండానమ్మా" అంటూ స్టేజీ వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు. పిల్లలు నవ్వారు. లావణ్య ఉలిక్కిపడి లేచి కవిత అందుకుంది.

తర్వాత అడిగితే బిక్కమొహం వేసింది. "సారీ సార్, లైన్ మర్చిపోయినా. నేనేం మాట్లాడలేదు సార్."

కన్నడ టీచరు ఫోన్లో తీసిన వీడియో చూశాను. నిజమే. పిల్ల పెదవులు కదల్లేదు. ఫ్యాను చప్పుడు, ఆ వెంటనే వనజాక్షమ్మగారి జవాబు. మధ్యలో ఏ గొంతూ లేదు. ఆ టీచరు కూడా ఏమీ వినలేదంది.

వనజాక్షమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నీకూ వినపడిందా అప్పా? ఆ పేరుతో పిలిచేది మాయమ్మ ఒక్కతే."

వినపడిందన్నాను.

ఆ పేరు నేనెక్కడైనా చదివానేమోనని రెండు పుస్తకాలూ పేజీ పేజీ తిరగేశాను. లేదు. వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సౌండు పెంచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మరీ.

ఇప్పుడు ఆవిడ వారానికోసారి ఫోన్ చేస్తారు. "మళ్ళీ ఎప్పుడప్పా వేసేది?" పరీక్షలంటాను, హాలు ఖాళీ లేదంటాను. వేసినప్పుడు ఏమీ వినిపించకపోతే ఆ ముసలావిడ ముఖం చూడలేను. వినిపిస్తే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు. మొదటిసారి విన్నదేమిటో నాకింకా అంతు చిక్కలేదు.

నిన్న మళ్ళీ మోగింది. ఆవిడ పేరు చూసి, ఎత్తలేదు.