ఖైతాన్ మిద్దె మీద పొదిగే కోడి

చలికాలంలో ఎవరింట్లోనైనా కిరసనాయిలు స్టవ్వు వెలిగిస్తే ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చేది వంట కాదు. కువైట్‌లోని ఖైతాన్‌లో మేమున్న ఇంటి మిద్దె, ఎడారి మీదుగా వచ్చి ఎముకల్లోకి దిగే జనవరి గాలి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో గోనెసంచులు పరిచి అవ్వ కట్టిన కోళ్ళగూడు, కోళ్ళకోసం నానబెట్టిన ఎండు ఖుబ్జ్ రొట్టెల పులిసిన వాసన. అప్పుడు నాకు పదమూడేళ్ళు. డైరీ రాయడం ఆ ఏడాదే మొదలుపెట్టాను. ఉద్యోగం చాలించుకుని పుస్తకాలు సర్దుకున్నాక కూడా వరుసలో మొదటిది అదే.

వేవిళ్ళతో మంచం పట్టిన అమ్మను చూసుకోవడానికి ఎండాకాలంలో కడప దగ్గరి పల్లె నుంచి అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, వచ్చింది. కొద్దిరోజులకే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. సబ్హాన్‌లో లేత్ పని చేసే నాన్నకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, మా పాస్‌పోర్టులున్న బీరువాకు తాళం వేసి దేశం దాటిపోయాడు. తోటివాళ్ళు బస్సులెక్కి వెళ్ళిపోతుంటే, అమ్మ ఆ ప్రయాణానికి తట్టుకోలేదని మేం ఉండిపోయాం.

అంతకుముందే నాన్న సంతలో కొన్న అయిదు ఎడారి కోళ్ళు మిద్దె మీద ఉండేవి. పల్చని ఒళ్ళు, పొడుగు కాళ్ళు, ఎంత చలినైనా ముడుచుకుని ఓర్చుకునే జాతి. అచ్చం మన ఊరి కోళ్ళేనని అవ్వ మురిసిపోయేది.

"ఈ దేశంలో ఉండేదానికి వీటికి ఇఖామా కాగితం ఉండాదా నాయనా?"

"మనకే ఖలాస్ అయిపాయ అత్తా, కోళ్ళనెవురు అడుగుతారు!" అనేవాడు నాన్న.

సైనికులు పట్టుకుపోయినవి పోగా ఒక పుంజు, ఒక పెట్ట మిగిలాయి. పెట్ట కింద అవ్వ తొమ్మిది గుడ్లు పేర్చి, ఉరుముకు చెడిపోకుండా గంప అంచున ఒక ఇనుప మేకు, బొగ్గుముక్క, రెండు ఎండుమిరపకాయలు దోపింది. రోజులు లెక్కపెట్టే పని నాది. చెల్లెలు పుట్టిన రోజున, అమ్మకు పాలు పడాలని పుంజును కోసి రసం పెట్టారు. అయినా పాలు పడలేదు. డబ్బాపాలు ఎక్కడా దొరకలేదు. చక్కెర నీళ్ళతో నెట్టుకొస్తున్న చెల్లెలి ఏడుపు రోజురోజుకూ సన్నబడింది.

"పెట్టను కోస్తాం అత్తా," అన్నాడు నాన్న.

"పొదుగు మీదుండేదాని మీద కత్తి పెట్టనీను. మూడు దినాలు ఓర్చుకో. పిల్లలు లేస్తే కోసుకుందువు."

ఆ రాత్రే బాంబుల మోత మొదలైంది. కిటికీ అద్దాలు అదిరాయి. ఇంత పెద్ద ఉరుములకు ఒక్క మేకు ఏం చాలుతుందని, పొద్దున్నే నాన్న పనిసంచిలోని స్పానర్లు, బోల్టులు తీసుకెళ్ళి గుడ్ల చుట్టూ, గుడ్ల మధ్యా దోపాను. చలికి ఆ ఇనుము పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ చలి గుడ్లకూ తగులుతుందని నాకు తట్టలేదు.

సాయంత్రం అవ్వతో పాటు మిద్దెక్కేసరికి పెట్ట దూరంగా మూల నిలబడి ఉంది. అవ్వ ఒక గుడ్డు తీసి చెంపకు ఆనించుకుంది, తర్వాత ఇంకొకటి. స్పానరు ముట్టుకుని నా మొహం చూసింది. ఇనుపముక్కలన్నీ ఏరి చెంగులో మూటగట్టుకుని, కిందికి దిగి, చప్పుడు కాకుండా సంచిలో సర్దింది.

"ఉరుముకు గుడ్లు చెడిపాయ నాయనా. కోడి లేచిపాయ. ఇంక కత్తి తీసుకో," అని నాన్నతో చెప్పింది. నావైపు తిరిగి, "యాడుస్తా నిలబడితే ఎట్ల మే? ఎర్రగడ్డలు ఒలుచు పో, ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ సరిపోతాది," అంది.

అమ్మ ఆ రసం రెండు పూటలు తాగింది. మర్నాటికి పాలు పడ్డాయి. చెల్లెలు గుటకలు వేసే చప్పుడు వింటూ, ఉరుముకు గుడ్లు చెడిపోయాయని డైరీలో రాశాను.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న చెల్లెలికి కాన్పయితే నాటుకోడి కోసం రెండు సంతలు తిరిగాను. ఉన్నవన్నీ యంత్రంలో పొదిగించినవే. "గుడ్లయితే పెడతాయమ్మా, కూచోవు. పొదగడం వీటికి తెలీదు," అన్నాడు అమ్మేవాడు.

చెల్లెలు రసం తాగుతూ, "నేను పుట్టినప్పుడూ ఇట్లే కోడిని కోసినారంట కదక్కా. ఉరుముకు గుడ్లు చెడిపోయినాయని అమ్మ చెప్పేది," అంది.

"ఉరుముకు కాదు," అన్నాను.

చెల్లెలు గిన్నె కింద పెట్టి నావైపు చూసింది.